28 రోజుల గడువు

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ మధ్యాహ్నం ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు ఎక్కుపెట్టి ఆకాశం వైపు చూస్తూ ఉంటే, నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో జనమంతా తలుపులు బిగించుకొని ఇళ్ళలో కూర్చున్నారు. వీధిలో కుక్క కూడా లేదు. నేనప్పుడు 7వ తరగతి. మా వదినకు మూడో నెల. ఆమెను చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు ముడవవద్దనీ, గోరుతో ఒళ్ళు గీరుకోవద్దనీ, కత్తిపీట వైపు చూడనైనా చూడవద్దనీ చెప్పి మా అమ్మ గుమ్మంలో కాపలా కూర్చున్నది.

పట్టపగలు చీకటి పడేసరికి పెరట్లో కట్టేసిన దూడ బెదిరి అరవసాగింది. అమ్మ ఏ పనిమీద లోపలికి పోయిందో గుర్తులేదు. వదిన లేచి వెళ్ళి దూడను నిమిరి, తొట్టిలో నీళ్ళు పోసి, మళ్ళీ వచ్చి పడుకున్నది. రెండు నిమిషాల పని. చూసింది నేనొక్కణ్ణే. చెప్పిందీ నేనే. పిల్లవాణ్ణి గదా, నోరాగలేదు.

ఆగస్టు చివరి వారంలో వదినకు మగపిల్లవాడు పుట్టాడు. నడుముమీద నిమ్మకాయంత తిత్తి ఉన్నది. దాని పైపొర ఎంత పలచనంటే లోపల నీరు కనిపించేది. కాళ్ళు కదలలేదు. బారసాల రోజు రాకముందే బిడ్డ పోయాడు. ఇక ఊరంతా ఒకటే మాట: "గ్రహణంనాడు పెరట్లోకి పోయింది." ఆ మాట వదినను చాలా ఏళ్ళు వెంటాడింది. ఆ తరువాత ఇద్దరు పిల్లలు పుట్టి, బడికి పోయి, పెద్దవాళ్ళయ్యారు. అయినా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట తీస్తూనే ఉండేవారు.

మన భాషలోనే ఈ నేరారోపణ స్థిరపడి ఉన్నది. పై పెదవి చీలి పుట్టిన పిల్లలకు 'గ్రహణం మొర్రి' అన్నాం. పేరు పెట్టినప్పుడే తీర్పు కూడా చెప్పేశాం. సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడు అడ్డం వస్తే ఒక ఇంట్లో ఒక బిడ్డ వెన్ను ఎందుకు తెరుచుకోవాలి? ఆ రోజు ఆ నీడ పడిన దారిలో ఎన్ని వేలమంది గర్భిణులు లేరు! ఈ ప్రశ్న అడగడానికి సైన్సు చదవనక్కరలేదు. కాని జవాబు చెప్పడానికి చదవాలి.

తల్లి గర్భంలో పిండం మొదట ఒక పలచని బిళ్ళలా ఉంటుంది. మూడో వారంలో ఆ బిళ్ళ మధ్యభాగం కొంత మందమవుతుంది. తరువాత దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, కలుసుకొని గొట్టమవుతాయి. ఒక అరిటాకు ముక్క తీసుకొని రెండు పక్కలా ఎత్తి అంచులు కలిపి చూడండి, సంగతి అర్థమవుతుంది. ఈ గొట్టాన్నే నాడీనాళం అంటారు. దీని పై భాగం మెదడవుతుంది, కింది భాగం వెన్నుపాము అవుతుంది. అంచులు ముందు మెడ ప్రాంతంలో అతుక్కొని, అక్కడినుంచి పైకీ కిందికీ మూసుకుంటూ పోతాయి. తలవైపు కొస సుమారు 25వ రోజుకు, తోకవైపు కొస సుమారు 28వ రోజుకు మూసుకోవాలి. అప్పటికి పిండం మినపగింజంత ఉంటుంది. అంతే.

తోకవైపు మూసుకోకపోతే వెన్ను తెరిచిన బిడ్డ పుడుతుంది. దీన్ని స్పైనా బైఫిడా అంటారు. ఈ రోజుల్లో శస్త్రచికిత్స వల్ల ఇలాంటి పిల్లలు చాలామంది బతుకుతున్నారు. చక్రాల కుర్చీలో బడికి వచ్చి మీ పక్కన కూర్చొని చదువుకునేవారూ ఉన్నారు. తలవైపు మూసుకోకపోతే మాత్రం బిడ్డ బతకదు.

ఇప్పుడు మా వదిన లెక్క చూద్దాం. ఆగస్టు 23 ప్రాంతంలో నెలలు నిండి బిడ్డ పుట్టాడంటే, గర్భం నిలిచింది అంతకు 266 రోజుల ముందు, అంటే 1979 డిసెంబరు మొదట్లో. 28వ రోజు ఆ డిసెంబరు ఆఖరుకే వచ్చి పోయింది. గ్రహణం పట్టిననాటికి నాళం మూసుకునే గడువు దాటి ఏడు వారాలయింది. దూడకు నీళ్ళు పెట్టినా, పెట్టకపోయినా, చాపమీద శిలలా పడుకున్నా ఆ వెన్ను అప్పటికే తెరుచుకొని ఉన్నది.

ఈ లెక్క నేను వదినకు చెప్పింది ఈమధ్యనే. ఆమె వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకున్నది. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఈ లెక్కేదో అత్తమ్మ బతికున్నప్పుడే చెప్పకపోతివి?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

గ్రహణం కాదు సరే, మరి కారణమేమిటి? ఈ కథ చాలా దూరంనుంచి నడిచి వచ్చింది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు ఒక తీవ్రమైన రక్తహీనత వస్తున్నది. వారి ఎర్రకణాలు మామూలుకంటె పెద్దవిగా ఉండి, సంఖ్యలో తక్కువగా ఉండేవి. క్రిములేవైనా కారణమేమోనని ఆమె వెతికింది, దొరకలేదు. వారి తిండి చూసింది. అక్కడ దారి దొరికింది. సరైన తిండి లేని కోతులకు కూడా ఇలాంటి రక్తహీనతే వచ్చింది. ఈస్టునుంచి తీసిన మార్మైట్ అనే చవకైన రసం పెడితే అవి కోలుకున్నాయి. గర్భిణులకు ఇస్తే వారూ కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రచురించింది. ఆ రసంలో ఉన్న గుణకారి ఏమిటో అప్పటికి తెలియదు గనుక దాన్ని 'విల్స్ కారకం' అన్నారు.

పదేళ్ళ తరువాత, 1941లో, అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో నాలుగు టన్నుల పాలకూర వడకట్టి కొద్దిపాటి పదార్థం వేరుచేశారు. లాటిను భాషలో ఆకును ఫోలియం అంటారు గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. మన తోటకూరలో, గోంగూరలో, పెసల్లో, శనగల్లో ఉండేది ఈ జాతి విటమినే. కాని నాలుగు టన్నుల ఆకుకూర ఉడికిస్తే గాని దొరకని మందు ఎవరికి అందుతుంది? దాన్ని ప్రయోగశాలలోనే తయారుచెయ్యాలి. 1945లో ఆ పని చేసిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1923లో అమెరికా వెళ్ళినవాడు. ఆయన సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు బలిగొన్నది. ఆ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందుగా పనికివచ్చింది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశాడు. తాను చేసిన పసుపు పొడి పుట్టబోయే బిడ్డల వెన్నుకు కూడా పనికివస్తుందని ఆయనకు తెలియదు.

ఆ సంగతి పట్టుకున్నవారు ఇంగ్లండువారు. 1965లో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే ఇద్దరు లివర్‌పూల్ వైద్యులు, అవయవలోపాలున్న పిల్లల్ని కన్న తల్లుల శరీరంలో ఫోలిక్ ఆమ్లం పని సరిగా జరగడంలేదని రాశారు. స్మిథెల్స్ ఆ అనుమానాన్ని వదలలేదు. గర్భం రాకముందునుంచే విటమినులు ఇచ్చి చూద్దామన్నాడు. సగంమందికి విటమిను మాత్ర, సగంమందికి ఉత్త మాత్ర, ఎవరికి ఏది అన్నది చీటీలు వేసినట్టు నిర్ణయించాలి అన్నది ఆయన ఆలోచన. అయితే నైతిక పరిశీలన సంఘాలు ఒప్పుకోలేదు. మేలు చేస్తుందేమోనన్న మందును సగంమందికి ఇవ్వకుండా ఎలా ఉంటారని వారి అభ్యంతరం. దాంతో ఆయన అడిగినవారికందరికీ ఇచ్చాడు. ఇదివరకే అలాంటి బిడ్డను కన్న తల్లులే వీరంతా. 1980లో ఫలితాలు వచ్చాయి. విటమినులు పూర్తిగా తీసుకున్నవారి 178 మంది బిడ్డల్లో ఒక్కరికి మళ్ళీ ఆ లోపం వచ్చింది. తీసుకోనివారి 260 మందిలో 13 మందికి వచ్చింది.

చాలదా అంటారు మీరు. చాలలేదు. మందు వేసుకున్నవారు చదువుకున్నవారేమో, మంచి తిండి తినేవారేమో, ఆ తేడా విటమినువల్ల కాకపోవచ్చునేమో అని విమర్శకులు అడిగారు. వారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పగలిగే పద్ధతిని మొదట్లోనే వద్దన్నది దయగల పెద్దమనుషులు. ఆ దయవల్ల పదకొండేళ్ళు ఆలస్యమయింది. ఆ పదకొండేళ్ళలో ప్రపంచమంతటా ఎందరు పిల్లలు పుట్టి ఉంటారో ఊహించుకోండి. ప్రయోగం చెయ్యడం కంటె చెయ్యకపోవడమే క్రూరమయ్యే సందర్భాలుంటాయని నేను ఈ కథ చదివిన తరువాతే ఒప్పుకున్నాను.

చివరకు బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి 7 దేశాల్లో 33 ఆస్పత్రులను కలిపి పెద్ద పరీక్ష నడిపింది. నాయకుడు నికొలాస్ వాల్డ్. తల్లులను చీటీ పద్ధతిన విడదీశారు. ఎవరికి ఏ మాత్ర వెళుతున్నదో ఇచ్చేవారికీ తెలియదు, తినేవారికీ తెలియదు. 1991లో లెక్క చూస్తే, ఫలితం తెలిసిన 1,195 గర్భాల్లో 27 మంది బిడ్డలకు నాడీనాళలోపం ఉన్నది. వారిలో ఫోలిక్ ఆమ్లం తీసుకున్న తల్లుల బిడ్డలు 6గురు, తీసుకోని తల్లుల బిడ్డలు 21 మంది. రెండు వర్గాల్లోనూ తల్లుల సంఖ్య ఇంచుమించు సమానమే. అంటే నాలుగింట సుమారు మూడు వంతుల లోపాలు తప్పిపోయాయి. ఇక ఆగడం అన్యాయమని పరీక్షను గడువుకు ముందే ఆపేశారు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి నడుపుతున్న ఇలాంటి పరీక్షను కూడా ఈ వార్త రాగానే నిలిపివేశారు. మరుసటి ఏడు హంగరీనుంచి ఇంకో కబురు. ఎప్పుడూ ఇలాంటి బిడ్డను కనని నాలుగువేలమందికి పైగా తల్లులను పరీక్షిస్తే, విటమిను తీసుకోని సగంలో 6గురికి ఈ లోపం వచ్చింది, తీసుకున్న సగంలో ఒక్కరికీ రాలేదు.

ఇక్కడ వంశపారంపర్యం సంగతి చెప్పాలి. ఒక తల్లికి ఒకసారి ఇలాంటి బిడ్డ పుడితే మళ్ళీ పుట్టే అవకాశం ఇతరులకంటె చాలా రెట్లు ఎక్కువ. అందుకే ఇది రక్తంలో ఉన్న దోషమనీ, చేయగలిగింది లేదనీ చాలామంది అనుకున్నారు. రక్తంలో కొంత ఉన్నమాట నిజమే. శరీరంలో ఫోలిక్ ఆమ్లాన్ని పనిలోకి దింపే ఎంజైము ఒకటున్నది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం తేడాతో ఉండే రూపాన్ని 1995లో గుర్తించారు. అమ్మనుంచీ నాన్ననుంచీ ఆ రూపమే అందితే ఎంజైము కాస్త మందకొడిగా పనిచేస్తుంది. అలాంటివారికి తిండిలో ఎక్కువ విటమిను కావాలి. ఇస్తే సరిపోతుంది. జన్యువు మారలేదు, పళ్ళెంలో తిండి మారింది, బిడ్డ వెన్ను మూసుకున్నది. గ్రహచారం అనే మాటకు బదులు జన్యువు అనే మాట వేసి పాత పాటే పాడేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలని నా అభిప్రాయం.

అయితే 1991లో తెలిసిన విషయం ఇవాళ మన ఇళ్ళలో ఎంతవరకు అమలవుతున్నది? మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2013లో లెక్కగడితే, వెయ్యి జననాలకు సుమారు నలుగురు ఈ లోపంతో పుడుతున్నారని తేలింది.

గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మంచిదే, రక్తహీనతకు అది కావాలి. కాని అది నాలుగో నెల నుంచి మొదలవుతుంది. మొదటి మూడు నెలలకు విడిగా ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవ్వాలని నిబంధన ఉన్నది. అయితే గర్భమని తెలిసి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి, ఆస్పత్రికి పోయేసరికి రెండో నెల గడుస్తుంది. 28వ రోజు ఎవరికోసమూ ఆగదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుంటుంది మన మాత్రల పంపకం.

మీ బడిలో సోమవారంనాడు ఇచ్చే నీలం మాత్ర సంగతి మీకు తెలుసు. ఒక బడి కిటికీ కింద మట్టిలో ఆ నీలం మాత్రలు రాలి ఉండటం నేను కళ్ళారా చూశాను. ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి వచ్చినట్టుంటుంది, అందుకు పారేస్తారు. అన్నం తిన్న తరువాత వేసుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు. అది మీ తప్పు. ఇక పెద్దల తప్పు చెబుతాను. ఆ మాత్రలో ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. వారానికొక మాత్ర చొప్పున ఇచ్చేటట్లయితే 2,800 మైక్రోగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. ఆరోవంతుతో సరిపెట్టడం ఎందుకో నాకు అంతుపట్టదు. ఇనుముకోసం తయారుచేసిన మాత్రలో దీన్ని తోడుగా వేసి ఊరుకున్నారు కాబోలు.

బియ్యం సంగతీ అంతే. పోషకాలు కలిపిన బియ్యాన్ని 2021 ఆగస్టు 15న ప్రకటించి, 2024 మార్చి నాటికి చౌకదుకాణాలకూ మధ్యాహ్న భోజనానికీ చేర్చారు. ప్రమాణం ప్రకారం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. మీరే లెక్క వెయ్యండి. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి 30 నుంచి 50 మైక్రోగ్రాములు దొరుకుతుంది. కావలసింది 400. అమెరికావారు 1998 నుంచి పిండిలో తప్పనిసరిగా కలుపుతున్నది 100 గ్రాములకు 140, అంటే కిలోకు 1,400. దానివల్ల అక్కడ ఏటా సుమారు 1,300 మంది పిల్లలకు ఈ లోపం తప్పుతున్నదని 2015లో లెక్కగట్టారు. చిలీ దేశం 2000లో మొదలుపెట్టి సుమారు సగానికి తగ్గించుకున్నది. పరీక్ష నడిపిన బ్రిటనే వెనకబడింది. 2024 నవంబరులో గాని అక్కడ నిబంధన చెయ్యలేదు. ఊరికంతా దీపం పట్టి తన ఇంట్లో చీకటి ఉంచుకున్నట్టు.

నా అభిప్రాయం ఇది. మనం దీన్ని ఉప్పులో కలపాలి. పిండి తినని ఇల్లుంటుంది, చౌకదుకాణం బియ్యం తినని ఇల్లుంటుంది, ఉప్పు వెయ్యని కూర ఉండదు. ఈ దారి మనకు కొత్త కాదు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956 నుంచి హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, కొన్నింటికి మామూలు ఉప్పు ఇచ్చి, అయొడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపు జబ్బు తగ్గడం నిరూపించారు. 1962లో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలయింది. ఇవాళ మీ వంటింట్లో ఉప్పు పొట్లం మీద అయొడిన్ అని ఉంటుంది చూడండి. దక్షిణ భారత గ్రామాల్లో ఎనభైమందికి పైగా స్త్రీలకు నాలుగు నెలలు ఫోలిక్ ఆమ్లం కూడా కలిపిన ఉప్పు ఇచ్చి చూస్తే, రక్తంలో ఆ విటమిను మూడు రెట్లకు పైగా పెరిగిందని 2024లో ప్రకటించారు. చిన్న పరీక్షే. పెద్దది చెయ్యాలి.

దీనికి అభ్యంతరాలున్నాయి. బి-12 అనే ఇంకో విటమిను తక్కువగా ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఎక్కువగా ఇస్తే, రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతూ లోపల నరాలు దెబ్బతినవచ్చు. మాంసం, పాలు తక్కువగా తినేవారు మన దేశంలో చాలామంది. పుణె దగ్గరి పల్లెల్లో చేసిన అధ్యయనంలో ఫోలేటు ఎక్కువ, బి-12 తక్కువ ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ళ వయసులో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం కనిపించిందని 2008లో రాశారు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. బి-12 కూడా కలపాలనీ, కలిపిన తరువాత ఏళ్ళ తరబడి రక్తపరీక్షలు చేస్తూ కాపలా కాయాలనీ నేనంటాను. ఉప్పుకు లేత పసుపు చాయ వస్తుందని ఇంకొకరి అభ్యంతరం. పసుపు వెయ్యని కూర మనం ఎన్నడు తిన్నాం?

ఉప్పే ఎందుకు, మాత్రలే సరిగా ఇవ్వరాదా అని మీరు అడగవచ్చు. మాత్ర అంటే మళ్ళీ ఒక మనిషి బాధ్యత. ఫోలిక్ ఆమ్లం తీసుకున్నా కొందరికి ఈ లోపం రానే వస్తుంది, ఇంగ్లండు పరీక్షలో ఆ ఆరుగురు తల్లులకు వచ్చినట్టు. అప్పుడు గ్రహణంనాడు లేచిందన్న నోళ్ళే మాత్ర సరిగా మింగలేదంటాయి. ఉప్పులో ఉన్నది వేళకు వేసుకున్నావా అని ఏ అత్తా అడగదు, అందరూ తినేదే గనుక.

ఈ వాదనలో మీకు లొసుగు కనబడితే, ముఖ్యంగా బి-12 విషయంలో, మీ సైన్సు ఉపాధ్యాయులతో చర్చించి పోస్టుకార్డు రాయండి. లెక్క తప్పు పట్టుకున్నవారి ఉత్తరాలు ముందు చదువుతాను.